మామగారు చూసిన చోటు... కోడలు దాటించిన వంతెన

1869 జూన్ 28. బ్రూక్లిన్‌లో ఫుల్టన్ రేవు. ఏటికి ఇవతల బ్రూక్లిన్, అవతల న్యూయార్క్. అప్పటికింకా అవి రెండూ వేరువేరు నగరాలు. రేవు అంచున నీళ్ళలో నాటిన దుంగల మీద నిలబడి అరవై మూడేళ్ళ పెద్దాయన ఒకరు అవతలి గట్టుకేసి గురి చూస్తున్నారు. రెండు నగరాల్నీ కలపబోయే వంతెనకి బ్రూక్లిన్ వైపు స్తంభం సరిగ్గా ఎక్కడ లేవాలో తేల్చడం ఆనాటి పని. చూపంతా అటే ఉండిపోయిందేమో, రేవుకి చేరుకుంటున్న పడవని ఆయన పట్టించుకోలేదు. పడవ వచ్చి దుంగల్ని గుద్దింది. మధ్యలో ఆయన పాదం ఇరుక్కుపోయింది. కాలివేళ్ళు నలిగిపోయాయి.

ఆ పెద్దాయన జాన్ రోబ్లింగ్. జర్మనీనుంచి అమెరికాకి వలస వెళ్ళి, ఇనుప తీగలతో తాళ్ళు పేనే ఫ్యాక్టరీ పెట్టి, నయాగరా మీదా, సిన్సినాటి దగ్గర ఒహాయో నది మీదా వేలాడే వంతెనలు కట్టిన ఇంజనీరు. దెబ్బ తగలగానే ఆయన్ని కొడుకు ఇంటికి తీసుకొచ్చారు. నలిగిన వేళ్ళు తీసేయించుకున్నారుగానీ ఆ పైన డాక్టర్ల మాట వినలేదు. ఆయనకి జలచికిత్స మీద నమ్మకం. పుండు మీద నీళ్ళు ధారగా పోయించుకుంటూ ఉండిపోయారు. ధనుర్వాతం కమ్మింది. జూలై 22న కన్నుమూశారు. ఒక్క రాయి కూడా పడకముందే ఆ వంతెన ఓ ప్రాణం తీసుకుంది.

ఆ ఇంటి కోడలు ఎమిలీ. అప్పటికామెకు పాతికేళ్ళు. ఒళ్ళో రెండేళ్ళు నిండని కొడుకు. ఆ వంతెనే ఇవాళ మనం ఇంగ్లీషు సినిమాల్లో, క్యాలెండర్ల మీద చూసే బ్రూక్లిన్ బ్రిడ్జి. దాని కథ చెప్పేవాళ్ళు సాధారణంగా మామగారి తెలివి దగ్గర మొదలుపెట్టి, కొడుకు జబ్బు మీదుగా వచ్చి, చివర్లో కోడలి పేరు ఓ మాట అనేసి ముగిస్తారు. నేను కోడలి వైపునుంచే చెబుతాను.

ఎమిలీ వారెన్ 1843 సెప్టెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డునున్న కోల్డ్ స్ప్రింగ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పన్నెండుమంది పిల్లల్లో పదకొండోది. తండ్రి చిన్నప్పుడే పోతే పెద్దన్నయ్య గవర్నూర్ వారెన్ ఆమె చదువు బాధ్యత నెత్తినేసుకున్నాడు. అతను సైన్యంలో ఇంజనీరు. చెల్లెల్ని రాజధానిలో క్రైస్తవ సన్యాసినులు నడిపే బడికి పంపించి చదివించాడు. ఆ రోజుల్లో ఆడపిల్లలకి కుట్లూ అల్లికలూ సంగీతమూ ఎలాగూ ఉండేవి. వాటితోపాటు ఆ బడిలో చరిత్ర, భూగోళం, గణితంలాంటివీ చెప్పేవారు. ఆ కాస్త పునాదీ ఆమెకి తర్వాత ఎంత అక్కరకొచ్చిందో చూద్దురుగాని.

1864లో అంతర్యుద్ధం నడుస్తోంది. అన్నయ్య అప్పటికి జనరల్. అతన్ని చూడ్డానికి సైనిక శిబిరానికి వెళ్ళిన ఎమిలీకి అక్కడి ఓ విందులో అన్నయ్య కింద పనిచేసే యువ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కనిపించాడు. (పేరు చూసి ఊరనీ, ప్రెసిడెంటనీ అనుకోకండి. ఈ కథలో వాషింగ్టన్ అంటే ఎమిలీ భర్తే.) 1865 జనవరిలో పెళ్ళయింది. రెండేళ్ళకి మామగారు కొడుకునీ కోడల్నీ యూరప్ పంపించారు. హనీమూన్‌కి కాదులెండి, నీళ్ళ అడుగున పునాదులు వేసే కొత్త పద్ధతులు చూసి రమ్మని. గర్భిణిగా వెళ్ళిన ఎమిలీ మామగారి సొంతూరు మ్యూల్‌హౌజెన్‌లోనే 1867 నవంబరులో కొడుకుని కన్నది. తాతగారి పేరే పెట్టుకున్నారు.

ఇంతకీ వంతెన అక్కడే ఎందుకు?

ఈస్ట్ రివర్ అంటారుగానీ అది నది కాదు. సముద్రపు పాయ. ఆటూ పోటూ ఉంటాయి. ఓడల రద్దీ చెప్పక్కర్లేదు. బ్రూక్లిన్‌లో కాపురాలు, న్యూయార్క్‌లో కొలువులు. పొద్దున్నే వేలాదిమంది పడవెక్కాలి, సాయంత్రం మళ్ళీ పడవెక్కాలి. ఫుల్టన్ రేవునుంచి ఆవిరి పడవలు 1814నుంచే తిరుగుతున్నాయి. 1866-67 శీతకాలంలో నీళ్ళు గడ్డకట్టి పడవలు ఆగిపోయేసరికి రెండు ఊళ్ళవాళ్ళకీ కళ్ళు తెరుచుకున్నాయి. ఎన్నో ఏళ్ళుగా మాటల్లో నానుతున్న వంతెనకి 1867లో చట్టం చేశారు. మామగారిని చీఫ్ ఇంజనీరుగా పెట్టుకున్నారు.

ఆయన ఎంచిన దారి ఎలాంటిదంటే, న్యూయార్క్‌లో ఒక కొస సిటీ హాల్ పార్కు దగ్గర దిగుతుంది. కోర్టులూ పత్రికాఫీసులూ కొట్లూ అన్నీ ఆ చుట్టుపక్కలే. బ్రూక్లిన్‌లో రెండో కొస ఫుల్టన్ వీధి దగ్గర దిగుతుంది. పడవ దిగిన జనమంతా నడిచేది ఆ వీధినే. అంటే జనం అప్పటికే ఏ దారిన దాటుతున్నారో దాని పక్కనే గీత గీశారన్నమాట. ఎక్కడో స్థలం చవగ్గా దొరికిందనో, కట్టడం తేలికనో అక్కడికి పోలేదు. ఇందులో ఒక చిక్కుంది. కింద తెరచాప ఓడలు పోవాలి కాబట్టి వంతెన నడిబొడ్డు నీళ్ళకి 135 అడుగుల ఎత్తున ఉండాలి. అంత ఎత్తుకి నడిచి ఎక్కాలంటే వాలు మెల్లిగా ఉండాలి. మెల్లిగా ఉండాలంటే కొసలు రెండూ ఊరి లోపలికి చాలా దూరం వెనక్కి పోవాలి. అందుకే రెండు స్తంభాల మధ్య నీళ్ళ మీద వేలాడే భాగం 1595 అడుగులే అయినా మొత్తం వంతెన 6000 అడుగులకి కాస్త తక్కువ. ఆ వాలుదారుల కోసం మధ్యలో వచ్చిన ఇళ్ళూ దుకాణాలూ కొనేసి పడగొట్టారు. చోటు ఎంచడమంటే అందరికీ నచ్చేలా ఎంచడం కుదరదు మరి.

నాకు ఈ భాగం చదువుతుంటే మా ఊరి పాదచారుల వంతెనే గుర్తొస్తుంది. బస్టాండుకీ కూరల మార్కెట్టుకీ మధ్య మెయిన్ రోడ్డు దాటడానికని కట్టారు. కట్టినచోటు మాత్రం బస్టాండు గేటుకి రెండు ఫర్లాంగుల అవతల. అక్కడ స్థలం ఖాళీగా ఉంది, అదీ సంగతి. ఎవరూ ఎక్కరు. మెట్ల కింద చెప్పులు కుట్టే అతను గొడుగు పాతుకున్నాడు. మేమంతా సంచీ చంకన పెట్టుకుని, ఓ చేత్తో పిల్లల్ని పట్టుకుని, రెండో చెయ్యి లారీలకి అడ్డంపెట్టి ఎప్పట్లా గేటు ఎదుటనే దాటుతాం. మెట్లు ఎక్కని బద్ధకమని మగవాళ్ళు విసుక్కుంటారు. నడిచేవాళ్ళు ఎక్కడ దాటుతున్నారో కట్టేముందు ఓ గంట నిలబడి చూసినవాళ్ళు లేరు.

రోబ్లింగ్‌గారు చూశారు. అంతేకాదు, వంతెన మీద కూడా నడిచేవాళ్ళకి ఎక్కడ చోటివ్వాలో ఆలోచించారు. అటూ ఇటూ అంచుల్లో గుర్రబ్బళ్ళు, లోపలివైపు రెండు రైలు దారులు, అన్నిటికీ మధ్యన, అన్నిటికన్నా ఎత్తున కాలిబాట. బండి చక్రాలకీ గుర్రాల డెక్కలకీ భయపడకుండా, గాలి పీల్చుకుంటూ, రెండువైపులా రేవునీ ఊరినీ చూసుకుంటూ నడవాలని. కిక్కిరిసిన ఊళ్ళో అలాంటి చోటు విలువ లెక్కకట్టలేమని ఆయన నివేదికలోనే రాశారు. మామూలుగా నడిచేవాళ్ళకి మిగిలేది రోడ్డు వార, మురిక్కాలువ పక్కన. ఆయన నడిమధ్యన ఎత్తుపీట వేశారు!

సరే, ఆయన పోయారు. కొడుకు వాషింగ్టన్ ముప్ఫై రెండేళ్ళకే చీఫ్ ఇంజనీరయ్యాడు. 1870 జనవరిలో పని మొదలైంది. తండ్రి ఎంచిన చోట ఏటి అడుగున పునాది దొరకాలి కదా! బిందెను బోర్లించి నీళ్ళలోకి అదిమితే లోపల గాలి ఉండిపోతుంది చూడండి, అదే సూత్రం. అడుగు లేని పెద్ద చెక్క పెట్టెని బోర్లించి నీళ్ళలోకి దింపుతారు. లోపలికి గాలి ఒత్తి పంపి, అందులోకి మనుషులు దిగి బురద తవ్వుతారు. పైన రాయి పేర్చేకొద్దీ పెట్టె కిందికి దిగుతుంది. బ్రూక్లిన్ వైపు 44 అడుగుల పైచిలుకు లోతులో గట్టి నేల దొరికింది. న్యూయార్క్ వైపు ఎంత తవ్వినా ఇసకే. లోతు పెరిగేకొద్దీ పైకొచ్చిన కూలీలకి కీళ్ళు పట్టేసేవి, మెలికలు తిరిగేవారు. ఒత్తిడినుంచి గబుక్కున బయటికొస్తే రక్తంలో కలిసిన గాలి బుడగలు కడుతుందని అప్పట్లో తెలియదు. ముగ్గురు చనిపోయారు. 1872లో 78 అడుగుల పైచిలుకు దగ్గర వాషింగ్టన్ పని ఆపించేశాడు. రాతిదాకా వెళ్ళకుండా ఇసక మీదే స్తంభం నిలబెట్టాడు. రాయి తగలాలంటే ఇంకెన్ని ప్రాణాలు పోవాలో అతనికి తెలుసు. ఆ స్తంభం ఇప్పటికీ ఆ ఇసక మీదే నిలబడి ఉంది.

కూలీలతోపాటు పదేపదే దిగిన వాషింగ్టన్ కూడా ఆ జబ్బుతో కూలబడ్డాడు. నొప్పులు, నీరసం, చూపు మసక. ఎక్కువసేపు మాట్లాడలేడు, మాటలు వినలేడు. వంతెన పూర్తి కాకుండానే పోతాననుకుని 1872 చలికాలమంతా మంచంలోనే మిగతా పని ఎలా చెయ్యాలో రాసుకుంటూ పోయాడు. కళ్ళు సహకరించనప్పుడు రాసేది ఎమిలీ.

ఇక్కడినుంచే ఆమె అసలు బతుకు మొదలైందనాలి. మొదట్లో చెప్పింది రాసింది. రాసేది అర్థం కాకపోతే తప్పులు దొర్లుతాయి కదా! దాంతో అర్థం చేసుకోవడం మొదలెట్టింది. పదార్థాల బలం, వేలాడే తాడు తీసుకునే వంపు లెక్క, ఏ ముక్క మీద ఎంత బరువు పడుతుంది, కేబుల్ ఎలా పేనాలి... ఒక్కొక్కటే నేర్చుకుంది. వైద్యానికి జర్మనీ వెళ్ళారు, తిరిగొచ్చి కొన్నాళ్ళు ట్రెంటన్‌లో ఉన్నారు. అన్నిచోట్లనుంచీ ఉత్తరాల మీదే పని నడిచింది. అవన్నీ ఎమిలీ దస్తూరీలోనే. 1877లో మళ్ళీ బ్రూక్లిన్ చేరి, వంతెన కనిపించే కొలంబియా హైట్స్ ఇంట్లో దిగారు. వాషింగ్టన్ కిటికీ దగ్గర కూర్చుని దుర్భిణిలో చూసేవాడు. ఎమిలీ పని జరిగేచోటికి వెళ్ళి అసిస్టెంట్ ఇంజనీర్లకి వివరాలు చెప్పి, వాళ్ళ సందేహాలు పట్టుకొచ్చేది. ఉక్కు కంపెనీల వాళ్ళు డ్రాయింగులు పట్టుకుని వస్తే వాళ్ళతో ఆమే కూర్చునేది. అసలు చీఫ్ ఇంజనీరు ఆమేనని ఊళ్ళో గుసగుసలు పుట్టాయి.

వంతెనంతా ఎమిలీయే కట్టిందని ఈమధ్య కొందరు రాస్తున్నారు. అది ఆమెకి మేలు చెయ్యదని నా ఉద్దేశం. డిజైను మామగారిది. దాన్ని సరిదిద్దుతూ పనిలో పెట్టింది భర్త. అతని బుర్ర చివరిదాకా చురుగ్గానే ఉంది. అయితే ఆ బుర్రలో ఉన్నది ఏటిగట్టుకి చేరాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. విన్నది అప్పజెప్పే మనిషైతే చాలదు. అవతలివాళ్ళు అడిగే ఎదురు ప్రశ్నకి అక్కడికక్కడే సమాధానం చెప్పగలగాలి. పదకొండేళ్ళపాటు అలా నిలబడటం చిన్న విషయమా? దానిమీద జబ్బు మనిషి సేవ, చిన్న పిల్లవాడు, ఇల్లు ఉండనే ఉన్నాయి. ఆ గంటల్ని ఏ నివేదికలోనూ లెక్కెయ్యలేదు.

వంతెన మీద మొదట నడిచినవాళ్ళు పనివాళ్ళే. 1876 ఆగస్టులో రెండు స్తంభాల మధ్యా మొదటి తీగ పడింది. ఆ తర్వాత కేబుళ్ళు పేనడానికి చెక్కపలకలతో సన్నటి ఊగే బాట వేశారు. చూడవచ్చిన ఊరివాళ్ళు కూడా దాటేస్తామని ఉబలాటపడ్డారు. ఒకేసారి పాతికమందికి మించొద్దనీ, పరుగులొద్దనీ, అందరూ ఒకే తాళంలో అడుగు వెయ్యొద్దనీ బోర్డు పెట్టారు. ఒకే తాళంలో నడిస్తే ఊపు పెరుగుతుందని.

1878లో ఇంకో పిడుగు. తీగలు సరఫరా చేసే కాంట్రాక్టరు హేగ్ మంచి తీగ పరీక్షకి చూపించి, దారిలో బండి మార్చి నాసిరకం పంపిస్తున్నాడని బయటపడింది. అప్పటికే చాలా తీగ కేబుళ్ళలో అల్లేశారు. విప్పే వీల్లేదు. అయితే రోబ్లింగులు కావలసిన బలానికి ఆరింతలు ఉండేలా ముందే లెక్కవేసుకున్నారు. నాసి తీగ పోగా కూడా సరిపోయేంత ఉంది. అయినా ఒక్కో కేబుల్‌కి 150 తీగలు అదనంగా, ఆ కాంట్రాక్టరు ఖర్చుతోనే చేర్పించారు. సాంబారులోకి పప్పు ఓ గుప్పెడు ఎక్కువే పోసే మనలాంటివాళ్ళకి ఈ లెక్క సులువుగానే తెలుస్తుంది.

1881 డిసెంబరులో నేల దూలాలు పడ్డాక వాటిమీద పరిచిన పలకల మీదుగా పెద్దమనుషులంతా తొలిసారి నడిచి వెళ్ళారు. ముందు నడిచింది ఎమిలీ. అయినా మరుసటేడు కొత్త పేచీ. కళ్ళెదుట కనిపించని చీఫ్ ఇంజనీరు ఎందుకని బ్రూక్లిన్ మేయర్ సెత్ లో వాషింగ్టన్‌ని తప్పించాలని పట్టుబట్టాడు. ధర్మకర్తల సంఘంలో ఓటింగు పెట్టారు. భర్త తరఫున ఎమిలీ ఎంత తిరిగిందో, ఎవరెవర్ని కలిసిందో! చివరికి పదిమంది ఉండనివ్వమన్నారు, ఏడుగురు తప్పించమన్నారు. మూడు ఓట్ల తేడాతో ఆ కుటుంబం పేరు వంతెన మీద నిలిచింది.

1883 మే 24న వంతెన తెరిచారు. దానికి కొద్దిరోజుల ముందే బండి అదురుకి వంతెన ఎలా ఉంటుందో చూడాలని మొదటి గుర్రబ్బండి నడిపించారు. అందులో కూర్చున్నది ఎమిలీ. విజయానికి గుర్తుగా ఒళ్ళో ఓ కోడిపుంజు! తెరిచిననాడు ప్రెసిడెంట్ చెస్టర్ ఆర్థర్ వంతెన మీద నడిచి, ఆ తర్వాత రోబ్లింగ్ ఇంటికి వచ్చి, బయటికి రాలేని వాషింగ్టన్ చెయ్యి కలిపి అభినందించాడు. ఉపన్యాసమిచ్చిన ఎబ్రమ్ హ్యూయిట్ పేరుపెట్టి ఎమిలీని మెచ్చుకుంటూ, ఆడవాళ్ళని పెద్ద చదువులకి ఎన్నాళ్ళు దూరంగా ఉంచామో కూడా ప్రస్తావించాడు.

మొదటిరోజు లక్షా యాభైవేలమంది నడిచి దాటారు. నడవడానికి ఒక సెంటు టోలు. 1891లో అదీ తీసేశారు. తెరిచిన ఆరు రోజుల తర్వాత మాత్రం ఘోరం జరిగింది. న్యూయార్క్ వైపు ఇరుకు మెట్ల దగ్గర ఒకామె తూలిపడింది. ఎవరో కేకపెట్టారు. వంతెన కూలిపోతోందని పుకారు పాకింది. తొక్కిసలాటలో 12 మంది పోయారు. అంత పెద్ద స్తంభాలకీ కేబుళ్ళకీ ఏమీ కాలేదు. ప్రాణాలు తీసింది కొన్ని మెట్లు. జనం భయం పోగొట్టడానికా, సొంత ప్రచారానికా అంటే రెండిటికీ అని, మరుసటేడు మేలో సర్కస్ యజమాని బార్నమ్ 21 ఏనుగుల్ని వంతెన మీద నడిపించాడు.

తర్వాత ఎమిలీ ఇంట్లో కూర్చోలేదు. ట్రెంటన్‌లో పెద్ద ఇల్లు కట్టించడం దగ్గరుండి చూసుకుంది. ఆడవాళ్ళ క్లబ్బుల్లో పనిచేసింది. 1896లో రష్యా చక్రవర్తి పట్టాభిషేకానికి వెళ్ళొచ్చింది. 1899లో, 55 ఏళ్ళ వయసులో, న్యూయార్క్ యూనివర్సిటీలో ఆడవాళ్ళకోసం పెట్టిన న్యాయశాస్త్రం కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ పుచ్చుకుంది. అప్పుడు రాసిన వ్యాసానికి బహుమతి వచ్చింది. దాని విషయమేమిటో తెలుసా? పెళ్ళయిన ఆడదానికి చట్టంలో లేని హక్కులు. మొగుడి సంతకంకోసం ఉత్తరాలు రాసిపెట్టిన చెయ్యి కదా, ఆమెకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!

1903 ఫిబ్రవరి 28న కడుపులో క్యాన్సర్‌తో ఎమిలీ పోయింది. అరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఇక బతకడేమోనని ఆమె ముప్ఫై ఏళ్ళు సాకిన భర్త 1926దాకా ఉన్నాడు.

వంతెన మీద ఎమిలీ పేరుతో ఫలకం 1951లో పెట్టారు. ఫుల్టన్ రేవు పక్కనే వంతెన కింద ఉన్న జాగాకి 2021 డిసెంబరులో ఎమిలీ రోబ్లింగ్ ప్లాజా అని పేరుపెట్టి తెరిచారు. మామగారి కాలు నలిగిన రేవునుంచి అక్కడికి నడిచి వెళ్ళొచ్చు.

ఇక ఆ నడిమధ్యన కాలిబాట సంగతి. రైళ్ళు పోయాయి, గుర్రబ్బళ్ళు పోయాయి, కార్లొచ్చాయి. కాలిబాట మాత్రం వేసినచోటే ఉంది. సైకిళ్ళవాళ్ళు కూడా దానిమీదకే ఎక్కారు. నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మధ్య తెల్లగీత ఒక్కటే అడ్డం. ఫోటోలు తీసుకునే యాత్రికులు గీత దాటేస్తారు, సైకిలువాళ్ళు గంటలు కొడుతూ అరుస్తారు. చాలా ఏళ్ళు అలాగే నెట్టుకొచ్చారు. కాలిబాటని వెడల్పు చేద్దామనీ, ఇంకోటి కడదామనీ ఆలోచనలు జరిగాయి. చివరికి 2021 సెప్టెంబరులో కింద కార్ల వరసల్లోంచి ఒకదాన్ని తీసి, అడ్డుగోడ కట్టి, సైకిళ్ళకి ఇచ్చేశారు. పైన బాటంతా మళ్ళీ నడిచేవాళ్ళదే అయింది. 2024 జనవరిలో దానిమీద అమ్మకాల బల్లలు కూడా తీయించారు. సైకిళ్ళకి చోటిచ్చింది కార్లు, నడిచేవాళ్ళు కాదు. మా బస్టాండు రోడ్డు విషయంలో నేను చూస్తూవచ్చింది మాత్రం ఎప్పుడూ దీనికి తిరగేసే.